పని నడుమ చదువు: గణితం, ఇంగ్లిష్ చదివే డిగ్రీ విద్యార్థి
(నవీపేట్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ఈ సభ గణాంక శాస్త్రజ్ఞుడు ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణ రావు గారి స్మృతికి అంకితం. సి.ఆర్. రావు పేరు తలచుకునే సభలు సాధారణంగా విశ్వవిద్యాలయాల్లో జరుగుతాయి. పొద్దున్నే బస్సో రైలో ఎక్కి నిజామాబాదుకో బోధనుకో చదువుకోడానికి పోయే పిల్లల ముందు, నిజామాబాద్ జిల్లాలోని ఈ నవీపేట్ మండల కేంద్రంలో ఆయన్ని తలచుకోవడం నాకు మరింత సముచితంగా కనిపిస్తున్నది. ఎందుకంటే ఆయన జీవితంలో చదువూ పనీ ఏనాడూ వేర్వేరు గదుల్లో లేవు.

రావు గారు 1920 సెప్టెంబరు 10న, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న హడగలిలో, ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ ఊళ్ళు మారుతూ ఆయన చదువు సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ప్రథమ శ్రేణిలో ముగించారు. పరిశోధన చేద్దామంటే దరఖాస్తు ఆలస్యమైందని ఉపకార వేతనం దక్కలేదు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా దాకా వెళ్ళారు. అదీ రాలేదు. అక్కడ బసలో పరిచయమైన ఒకరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నారని తెలిసి, వెళ్ళి చూసి, 1941 జనవరి 1న తానూ అక్కడ చేరారు. ఉద్యోగం వెతుక్కుంటూ బయలుదేరిన ఇరవయ్యేళ్ళ యువకుడు అలా ఒక శాస్త్రంలోకి అడుగు పెట్టాడు.

ఆ సంస్థలో బోధన, సర్వే, గణన అన్నీ ఒకే కప్పు కింద నడిచేవి. 1944లో తరగతిలో పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు: నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాల కచ్చితత్వం గురించి చెప్పే ఈ ఫలితం, చిన్న నమూనాకూ వర్తించేలా చెప్పగలమా? దానికి సమాధానం వెతకడంలోనే, నేడు ప్రపంచమంతా క్రామర్–రావు అసమీకరణంగా చదువుకునే ఫలితం పుట్టింది. 1945లో అది అచ్చయింది. మరుసటి ఏడు కేంబ్రిడ్జికి వెళ్ళారు. వెళ్ళింది విద్యార్థిగా మాత్రమే కాదు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలను విశ్లేషించడం అక్కడి మ్యూజియంలో ఆయనకు అప్పజెప్పిన పని. ఆ పని చేస్తూనే గణాంక శాస్త్రజ్ఞుడు ఫిషర్ వద్ద పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ పొందారు. పద్మవిభూషణ్ 2001లో వచ్చింది. నూట రెండేళ్ళు జీవించి 2023 ఆగస్టు 22న కన్నుమూశారు.

ఇంత పెద్ద గణితజ్ఞుడు 1987లో రామానుజన్ స్మారకోపన్యాసాలు ఇచ్చినప్పుడు, సామాన్య పాఠకుడు కూడా చదవగల తేట ఇంగ్లిష్‌లో మాట్లాడారు. అవి ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన చెప్పిన ఒక సంగతిని ఇక్కడి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో వేలాదిమంది తలదాచుకున్నారు. వారికి తిండి సరఫరా చేసే కాంట్రాక్టర్లు ప్రభుత్వానికి బిల్లులు పెడుతున్నారు. బిల్లులు భారీగా ఉన్నాయి; లోపల ఎందరున్నారో లెక్కపెట్టే వీలు లేదు. గణాంక శాస్త్రజ్ఞులను పిలిచారు. వాళ్ళు బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు పరిమాణాలు తీసుకున్నారు. మనిషికి రోజుకు ఏది ఎంత అవసరమో అంతకుముందు జరిగిన సర్వేల వల్ల తెలుసు. బియ్యాన్ని బట్టి లెక్కిస్తే జనం ఎక్కువ వచ్చారు. పప్పును బట్టి అంతకంటే తక్కువ. ఉప్పును బట్టి అన్నిటికంటే తక్కువ. ఉప్పు చౌక. దాన్ని ఎక్కువ చేసి రాస్తే కాంట్రాక్టరుకు మిగిలేది ఏమీ లేదు. కనుక ఉప్పు చెప్పిన లెక్కే నిజానికి దగ్గర. జె.ఎం. సేన్‌గుప్తా సూచించిన ఈ పద్ధతిని హుమాయూన్ సమాధి వద్ద తలదాచుకున్న చిన్న గుంపు మీద కూడా పరీక్షించారు. అక్కడ అసలు సంఖ్య తెలుసు గనుక, పద్ధతి సరైనదని తేలింది.

ఇందులో ఉన్న గణితం అయిదో తరగతి భాగహారం. గొప్పతనమంతా ఎవరు ఎక్కడ ఎందుకు ఎక్కువ రాస్తారో ఊహించడంలో ఉంది. తేలిన సంగతిని అధికారికి అర్థమయ్యేలా రాసి ఒప్పించడంలో ఉంది. గణితమూ భాషా కలిసి చేసే పని ఇది. ఈ పని నేర్పే చోటు తరగతి గది ఒక్కటే కాజాలదు. మన ప్రాంతంలో గణితం, ఇంగ్లిష్ చదివే డిగ్రీ విద్యార్థికి వృత్తి అనుభవం ఎలా ఉండాలి అన్నదానికి నేను చెప్పదలచిన సమాధానం ఇదే. లెక్క ఒకరి చేతిలో, కాగితం ఇంకొకరి భాషలో, నష్టం మూడోవారి ఇంట్లో ఉన్న ప్రతి చోటా ఆ విద్యార్థికి పని ఉంది. ఆ పని అతని డిగ్రీలో భాగం కావాలి.

ఇది కొత్త మాట అనుకోనక్కరలేదు. తెలుగులో మనకు తెలిసిన మొదటి గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన రాశాడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహం దానికి మూలం. మల్లన దాన్ని పద్యాల్లో, తన కాలపు తెలుగువారికి పట్టుబడేలా తిరగరాశాడు. లెక్క తెలిసినవాడు తన జనం భాషలోకి దాన్ని తేవాలన్న బాధ్యత మన సాహిత్యం తొలినాళ్ళలోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం అదే పనిని మరో భాషలో చేసింది. 1917లో ఏర్పడిన అనువాద సంస్థ గణితంతో సహా పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది; 1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగితే, ఇంగ్లిష్‌ను తప్పనిసరి భాషగా ఉంచారు. ఆ ప్రయత్నంలో గొప్పతనం ఉంది. అయితే ఈ జిల్లా పల్లెల్లో రైతు మాట్లాడే తెలుగుకు అందులో చోటు దొరకలేదన్నది కూడా చరిత్రే.

ఆ చరిత్ర మన ఊళ్ళలో పట్వారీ దస్త్రం రూపంలో ఉండేది. భూమి రైతుది; ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు, శిస్తు ఎంత అన్నది పట్వారీ రాసే పహాణీలో ఉండేది. నిజాం కాలంలో ఆ రాత ఉర్దూ. లెక్క రాని రైతుకు సంఖ్య మీద పట్టు లేదు. లెక్క వచ్చిన రైతుకు భాష మీద పట్టు లేదు. తరతరాలుగా పల్లెలో అధికారం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఈ రెండూ ఒకే చేతిలో ఉండడం నుంచి వచ్చిందని నా అభిప్రాయం. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. రద్దయిన తర్వాత కాగితాలు పెరిగాయి. వాటిలో ఎన్నో ఇంగ్లిష్‌లో ఉంటాయి.

మన చెరకు కథ చూడండి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి మంజీర నీళ్ళు ఈ నేలకు వచ్చాయి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్ ప్రతిభకు అది సాక్ష్యం. నీళ్ళ వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా అది పేరు పొందింది. ఆ కర్మాగారాన్ని యంత్రాలు ఎంత నడిపాయో లెక్కగాళ్ళూ అంతే నడిపారు. కాటా దగ్గర నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, రెంటి తేడా రాసే గుమాస్తా. ప్రయోగశాలలో రసం తీపి కొలిచే కెమిస్టు. బిల్లులు కట్టే అకౌంట్స్ విభాగం. ఈ ప్రాంతానికి అదొక పెద్ద పాఠశాల. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. కూలీలకు పని పోయిన సంగతి అందరూ చెబుతారు. ఒక తరం యువకులు పని చూసి నేర్చుకునే చోటు పోయిన సంగతి ఎవరూ చెప్పరు. దాన్ని తెరిపించే మాట నడుస్తున్నది. తెరిచిన రోజున ఆ చోటు కూడా తిరిగి రావాలని కోరుకుంటున్నాను.

చెరకు ధర లెక్క ఒక్కటి తీసుకుందాం. కేంద్రం ఏటా ప్రకటించే న్యాయమైన, లాభసాటి ధర 2025–26 సీజనుకు క్వింటాలుకు 355 రూపాయలు. ఇది 10.25 శాతం రికవరీకి, అంటే వంద కిలోల చెరకు నుంచి 10.25 కిలోల చక్కెర వచ్చే మిల్లుకు. పైన ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు కలుపుతారు, కింద ప్రతి 0.1 శాతానికి అంతే తీసేస్తారు. రికవరీ 9.5 శాతం దాకా, అంతకంటే కిందికి పడిపోయినా సరే, రైతుకు 329.05 రూపాయలకు తగ్గకూడదు. ఈ సంఖ్యలు ఒకదానితో ఒకటి సరిపోతాయా? 10.25 నుంచి 9.5 దాకా 0.1 చొప్పున ఏడున్నర మెట్లు, ఏడున్నరను 3.46తో గుణిస్తే 25.95, 355 నుంచి తీసేస్తే సరిగ్గా 329.05. ఉత్తర్వు సరిగానే ఉందని విద్యార్థి రెండు నిమిషాల్లో రుజువు చేసుకోగలడు. ఇప్పుడు 20 టన్నులు తోలిన రైతును ఊహించండి. అంటే 200 క్వింటాళ్ళు. మిల్లు రికవరీ 10.25కు బదులు 9.75 అని తేలితే క్వింటాలుకు 17.30 రూపాయలు, మొత్తం మీద 3,460 రూపాయలు తగ్గుతాయి. ఆ అర శాతం ఎక్కడ పోయింది, కోసిన చెరకు ఎండలో ఎన్ని రోజులు నిలబడింది, మిల్లు ఎన్నిసార్లు ఆగింది అని అడిగే హక్కు రైతుకు ఉంది. అడగాలంటే సంగతి తెలియాలి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ చెల్లించాలి. ఆ ఉత్తర్వు ఇంగ్లిష్‌లో ఉంది. ఒక డిగ్రీ విద్యార్థి ఆ ఉత్తర్వు చదివి, ఒక పేజీ తెలుగులో రాసి, పది మంది రైతుల బిల్లులకు అన్వయించి చూపాడనుకోండి. అతను గణితమూ చేశాడు, ఇంగ్లిష్‌నూ చదివాడు, ఒక వృత్తినీ నేర్చుకున్నాడు.

ఇలాంటి కాగితాలు చెరకుతో ఆగవు. గల్ఫ్ పోయేవారి ఒప్పందాలు మన జిల్లాలో ఎన్ని ఇళ్ళలో బీరువాల్లో ఉన్నాయో మీకు చెప్పనక్కరలేదు. జీతం ఎంత, తిండికి కోత ఎంత, ఓవర్‌టైం గంటకు ఎంత అన్నది సంతకం పెట్టే ముందు చదివి చెప్పేవాడు ఇంట్లో ఉంటే ఎన్ని కష్టాలు తప్పేవో. బీడీలు చుట్టే తల్లులకు కూలి వెయ్యికి ఇంత అని కడతారు. బాగా లేవని తీసేసినవి ఎన్ని, పి.ఎఫ్. ఖాతాలో జమ అయింది ఎంత అన్నది మరో కాగితం. ఆ తల్లుల కూలి డబ్బుతోనే ఈ సభలో కొందరు కాలేజీ ఫీజు కట్టి ఉంటారు.

పని చేస్తూ నేర్చుకోవడం చదువు స్థాయిని దించుతుందని మా అధ్యాపకుల్లో కొందరు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. దానికి జవాబు గణితజ్ఞుడు రామానుజన్ జీవితంలో ఉంది. కుంభకోణం కాలేజీలో ఆయన ఉపకార వేతనం పోయింది ఇంగ్లిష్ తప్పినందుకే. నేటి ఇంటర్మీడియట్ లాంటి ఎఫ్.ఏ. పరీక్ష ఎప్పటికీ గట్టెక్కలేదు. 1910లో ఆయనను ఆదరించి నెలకు 25 రూపాయలు ఇచ్చింది నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు. ఊరికే డబ్బు తీసుకోవడం ఇష్టం లేక రామానుజన్ ఉద్యోగం వెతుక్కుని, 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరారు. అక్కడి పెద్ద అకౌంటెంటు నారాయణ అయ్యర్ స్వయంగా గణితజ్ఞుడు. రామానుజన్ రెండు మెట్లలో ముగించే లెక్కను, చదివేవాడి కోసం పది మెట్లలో రాయమని ఆయన పట్టుబట్టేవారని చెబుతారు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీకి రాసిన ఉత్తరంలో రామానుజన్ తనను తాను మొదట పరిచయం చేసుకున్నది పోర్టు ట్రస్టు అకౌంట్స్ గుమాస్తాగానే. ఆయన ప్రతిభ ఆఫీసు ఇచ్చింది కాదు. ఆ ప్రతిభను మరొకరు చదవగలిగే రూపంలో పెట్టే అలవాటుకు మాత్రం ఆ ఆఫీసూ, పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషీ తోడ్పడ్డారు. పరీక్షలో తప్పిన ఇంగ్లిష్ పనిలో అక్కరకు వచ్చింది.

ఇప్పుడు చట్టాలు కూడా ఇటే నడుస్తున్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పరిధిలోకి 2014 సవరణతో ఇంజినీరింగేతర పట్టభద్రులనూ తెచ్చారు. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్న్‌షిప్‌ను డిగ్రీలో భాగం చేయమంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మన తెలంగాణలో కాలేజియేట్ విద్యాశాఖ నడిపే ‘జిజ్ఞాస’ అధ్యయన ప్రాజెక్టులు మంచి ఆరంభం.

నియమం వచ్చిన చోటల్లా దాని నీడ కూడా వస్తుంది. పనికి ఒక్క రోజూ పోకుండా ధ్రువపత్రం తెచ్చుకునే పద్ధతి పుట్టింది. హైదరాబాదులో ఏదో ఆఫీసు పేరుతో, ఎవరో రాసిపెట్టిన నివేదికను కట్టకట్టి తెచ్చిన పిల్లలను నేను చూశాను. వారిని తప్పుపట్టను. ఊరి నుంచి నగరానికి పోయి నెలలపాటు ఉండే స్తోమత వారికి లేదు, ఊళ్ళో పని ఉందని మేము చూపించలేదు. బీఎస్సీ గణితం అంటే టీచరో, సాఫ్ట్‌వేరో, లేకపోతే గ్రూప్స్ పరీక్షలో అని మనమే మూడు తలుపులు చూపించి నాలుగోది మూసేశాం.

నాలుగో తలుపు ఇక్కడే ఉంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు వేలం ఉంది; 2016 ఏప్రిల్‌లో దేశంలో ఈ–నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైనప్పుడు తొలి మార్కెట్లలో అది ఒకటి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. పసుపును విదేశాలకు పంపాలంటే తేమ శాతం, కుర్కుమిన్ శాతం, ధర, అన్నీ ఇంగ్లిష్ కాగితం మీద నిలబడాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఆ కాగితం రాసేవారు కావాలి. ప్రాథమిక సహకార సంఘాల్లో వడ్డీ లెక్కలు ఉన్నాయి. మన నవీపేట్ శనివారం మేకల సంత ఉంది. అక్కడ ధర కంటి అంచనా మీద నడుస్తుంది. ఇద్దరు విద్యార్థులు ఏడాది పొడుగునా వారం వారం అమ్మిన వాటిలో కొన్నిటి బరువూ ధరా రాసిపెడితే, ఏ పండుగ ముందు కిలోకు ఎంత పెరిగిందో చెప్పే పట్టిక తయారవుతుంది. ఇప్పటిదాకా ఆ సంగతి దళారి మనసులో మాత్రమే ఉంది. నమూనా ఎలా తియ్యాలి, పెద్ద జీవాలనే ఏరుకుంటే సగటు ఎలా మోసం చేస్తుంది అన్నది సంతలో నేర్చుకున్నవాడు పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయాన్ని మరిచిపోడు.

ఈ పనికి కొన్ని కట్టుబాట్లు కావాలి. విద్యార్థి చేతి నుంచి ప్రతిసారీ మూడు కాగితాలు రావాలని నేను కోరుతున్నాను: లెక్క, దాన్ని వివరించే ఒక పేజీ ఇంగ్లిష్, నష్టపోయేవాడికి చదివి వినిపించగల ఒక పేజీ తెలుగు. గణితం అధ్యాపకుడూ ఇంగ్లిష్ అధ్యాపకుడూ పక్కపక్కన కూర్చుని వాటిని దిద్దాలి. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టిన సందర్భం మన కాలేజీల్లో ఎంత అరుదో మిత్రులకు తెలుసు. తెలిసిన రహస్యాలను, ఒక రైతు అప్పు సంగతి గానీ ఒక ఇంటి జీతం సంగతి గానీ, బయట చెప్పకూడదు. న్యాయవాది చెప్పవలసిన మాట విద్యార్థి చెప్పకూడదు. కాగితంలో ఏముందో చెప్పి, అక్కడ ఆగాలి. జీతం ఇచ్చి పెట్టుకోవలసిన గుమాస్తా స్థానంలో ఉచితంగా పిల్లలను కూర్చోబెట్టడానికి ఏ సంస్థకూ వీలు ఇవ్వకూడదు.

సమయం గురించి ఒక మాట. చెరకు గానుగ శీతాకాలంలో మొదలవుతుంది, పసుపు వేసవి ముందు యార్డుకు వస్తుంది. మన సెమిస్టర్ల క్యాలెండరుకు ఈ రెండూ తెలియవు. తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో డిచ్‌పల్లిలో, ఈ పొలాల నడుమనే వెలిసింది. పంటల కాలానికి తగినట్టు వారంలో రెండు రోజులు పనికి వదిలే వెసులుబాటు తన కాలేజీలకు అది ఇవ్వగలదు. బోధన్, నిజామాబాద్ కాలేజీల ప్రిన్సిపాళ్ళు కలిసి అడిగితే వచ్చే విద్యాసంవత్సరమే ఇది సాధ్యమని నమ్ముతున్నాను.

చివరగా తల్లిదండ్రులకు. ఆడపిల్లను యార్డుకో సహకార సంఘానికో పంపడానికి మీరు సంకోచిస్తారు. ఆ సంకోచాన్ని తీర్చవలసింది మేము. ఆడపిల్లలను ఇద్దరిద్దరుగా పంపాలి, వెంట ఒక అధ్యాపకురాలు ఉండాలి, పొద్దుగూకక ముందే బస్సు ఎక్కేలా పని వేళలు ఉండాలి. సీజన్ టికెట్టుకూ మధ్యాహ్నం భోజనానికీ సరిపడా భత్యాన్ని విద్యార్థి చేతికి నేరుగా ఇవ్వాలి. ఇవి ఏర్పాటు చేసి, రాతపూర్వకంగా మీకు చూపిన తర్వాతే మీ అమ్మాయిని పంపమని మేము అడగాలి. అంతకుముందు అడిగితే, ఏర్పాట్లు ఎక్కడని మీరు మమ్మల్ని నిలదీయండి.